సా కూడా తప్పు స్వరమయ్యే చోటు

మా అక్క కొడుకు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతూ గిటార్ నేర్చుకుంటున్నాడు. పోయిన నెల ఒక రాత్రి వాట్సాప్‌లో రెండు నిమిషాల రికార్డింగ్ పంపాడు. ‘ఆటమ్ లీవ్స్’ అనే జాజ్ పాట బ్యాకింగ్ ట్రాక్ (సోలో లేకుండా మిగతా వాయిద్యాలే ఉన్న రికార్డింగ్) మీద వాడి సోలో. దాని కింద మెసేజ్: “మావయ్యా, ఇది జి మైనర్ పాట కాబట్టి మొత్తం జి మైనర్ స్కేలే వాయించాను. ఎక్కడా బయటి స్వరం వేయలేదు. అయినా సోలోలా లేదు, స్కేల్ ప్రాక్టీస్‌లా ఉంది. దీనికి అసలు ఏ స్కేల్ వాడాలి?”

మూడుసార్లు విన్నాను. స్వరాలు శుభ్రంగా పలుకుతున్నాయి, కాలప్రమాణం నిలకడగా ఉంది. వాడు చెప్పినట్టే బయటి స్వరం ఒక్కటీ లేదు. నాలుగోసారి బ్యాకింగ్ ట్రాక్‌ని పట్టించుకోకుండా గిటార్ ఒక్కటే వినడానికి ప్రయత్నించాను. అప్పుడు వాడు పాటలో ఎక్కడున్నాడో నాకు తెలియలేదు. రెండో బార్‌లో (బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) వాయించిన ముక్క తీసి ఆరో బార్‌లో పెట్టినా ఏ తేడా ఉండదు. కింద పాట నడుస్తోంది, పైన వాడు ఒకే చోట నిలబడి ఉన్నాడు.

ఆ రాత్రే జవాబు రాయబోయాను. మెసేజ్‌లో పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. “ఏ స్కేల్?” అనే ప్రశ్నతో మొదలుపెడితే మైనర్ కీలో ఉన్న జాజ్ స్టాండర్డ్ (జాజ్ వాళ్లందరూ వాయించే పాట) లోపలికి వెళ్లలేమని నా అభిప్రాయం. నేను ఆ ప్రశ్న పట్టుకునే ఆరేళ్లు గడిపాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. కర్ణాటక సంగీతం నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లని ఈ ప్రశ్న మరీ తొందరగా పట్టుకుంటుంది.

ఆరో బార్

చిన్నప్పుడు రాజమండ్రిలో తొమ్మిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం న్యూజెర్సీ వచ్చాక ఆ వయొలిన్ పెట్టె చాలా కాలం అల్మారాలోనే ఉండిపోయింది. ముప్పై దాటాక జాజ్ మీద మనసు పోయింది. పుస్తకాలు కొన్నాను, వీడియోలు చూశాను, ఏ కార్డ్‌కి (కలిపి మోగించే స్వరాల గుంపుకి) ఏ స్కేలో పట్టికలు రాసుకున్నాను. ఆరేళ్ల తర్వాత, ఇక సొంతంగా కుదరదని, దగ్గర్లో ఉండే ఒక పెద్దాయన దగ్గర పియానోకి చేరాను. కొన్ని వారాలు గడిచాక ఆయన వయొలిన్ కూడా తెమ్మన్నారు.

“ఒక్క స్వరం ఎంచుకో. నేను ‘ఆటమ్ లీవ్స్’ మొదటి ఎనిమిది బార్లు వాయిస్తాను. నువ్వు ఆ స్వరాన్నే చివరిదాకా పట్టుకుని, ఏం జరుగుతుందో విను” అన్నారు.

నేను జి ఎంచుకున్నాను. పాట జి మైనర్‌లో ఉంది కాబట్టి జి నాకు సా. సా పట్టుకున్నవాడిని ఎవరూ తప్పు పట్టలేరు, తొమ్మిదేళ్ల సాధన ఇచ్చిన ధైర్యం అది.

సి మైనర్ సెవెన్ వచ్చింది. కార్డ్ మొదటి స్వరం (రూట్) నుంచి లెక్కిస్తే నా జి దానికి ఐదో స్వరం, హాయిగా కూర్చుంది. ఎఫ్ సెవెన్‌కి, లెక్క పై స్థాయిలోకి సాగిస్తే, తొమ్మిదో స్వరమై కొంచెం తేలిపోయింది. బి ఫ్లాట్ మేజర్‌కి ఆరోది. ఇ ఫ్లాట్ మేజర్‌కి మూడోదై తియ్యగా పలికింది. ఐదో బార్‌లో ఎ హాఫ్ డిమినిష్డ్ మీద ఏడో స్వరమై దిగులుగా మారింది, అయినా ఎక్కడా ఒరుసుకోలేదు. ఆరో బార్‌లో డి సెవెన్ పడింది. అంతవరకూ నిశ్చింతగా ఉన్న నా సా పంటికింద రాయి పడ్డట్టయింది. డి సెవెన్‌లో ఎఫ్ షార్ప్ ఉంది. దానికి సరిగ్గా అరస్వరం పైన నేను జి పట్టుకుని కూర్చున్నాను. ఏడో బార్‌లో జి మైనర్ రాగానే అదే స్వరం ఇల్లు చేరినట్టు స్థిమితపడింది.

“మళ్లీ” అన్నారాయన. రెండోసారి ఆరో బార్ వస్తుండగా నా వేలు దానంతటదే అరస్వరం కిందికి జారి ఎఫ్ షార్ప్ మీద ఆగింది. ఏడో బార్‌లో తిరిగి జి కి వచ్చింది. ఆయన వాయించడం ఆపి, “ఎందుకు జరిపావు?” అని అడిగారు. “జరపకుండా ఉండలేకపోయాను” అన్నాను. ఆయన తలూపి మళ్లీ మొదటి బార్ అందుకున్నారు.

ఇంటికి వస్తున్నంతసేపూ అదే ఆలోచన. సా తప్పు స్వరం ఎలా అవుతుంది? నేను పట్టికల్లో రాసుకున్నదంతా ఆ క్షణం ముందు చాలా చిన్నదిగా కనిపించింది. ఏ బార్‌లో ఏ స్వరం వాడాలో అవి చెప్పాయి. ఒక స్వరం ఎటు పోవాలని తహతహలాడుతుందో వాటిలో లేదు.

తర్వాతి వారం అదే పని డి తో చేయించారు. డి ఎనిమిది బార్లలోనూ ఎక్కడా ఒరుసుకోదు. కానీ వరసగా తొమ్మిదో స్వరం, పదమూడో స్వరం, మూడో స్వరం, ఏడో స్వరం, పదకొండో స్వరం, రూట్, ఐదో స్వరం, ఇలా బార్‌కో పేరు మార్చుకుంటుంది. వేలు కదపకుండానే స్వరం ముఖం మారిపోతుంటే వినడం నాకు అదే మొదటిసారి. మీ దగ్గర ఏ వాయిద్యం ఉన్నా ఈ ప్రయోగం ఒకసారి చేసి చూడండి, అరగంట చాలు.

తంబురా కదిలితే

మన సంగీతంలో సా కదలదు. కచేరీ మొదలైనప్పటి నుంచి మంగళం దాకా తంబురా అదే సా మోగిస్తూ ఉంటుంది. గాంధారం అంటే ఆ సా నుంచి ఇంత దూరంలో ఉన్న స్వరం అని, రాగాన్ని బట్టి దానికో గమకం అని మనకు తెలుసు. గ్రహభేదం (రాగంలోని వేరే స్వరాన్ని సా చేసుకోవడం) చేసి చూపించినప్పుడు సభ ఉలిక్కిపడి చప్పట్లు కొట్టేది, కదలని ఆ సా ఒక్క క్షణం కదిలినట్టు అనిపించినందుకే.

జాజ్‌లో ఆ పని బేస్ వాయించే మనిషి బార్‌కోసారి చేస్తుంటాడు. ఈ పాటలో కార్డ్‌ల కింద నడిచే రూట్‌లు వరసగా సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ, డి, జి. ఒక్కో స్వరాన్నీ సా అనుకుంటే తర్వాతిది దాని శుద్ధ మధ్యమం. సి కి మధ్యమం ఎఫ్, ఎఫ్ కి మధ్యమం బి ఫ్లాట్, అలా. ఒక్క చోట మాత్రం, ఇ ఫ్లాట్ నుంచి ఎ కి వెళ్లేటప్పుడు, అది ప్రతి మధ్యమం (శుద్ధ మధ్యమానికి అరస్వరం పైది) అవుతుంది. పాట మేజర్ వైపు నుంచి మైనర్ వైపు తిరిగేది సరిగ్గా ఆ మలుపులోనే. దీన్ని గమనించిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మొదటి నాలుగు బార్లు బి ఫ్లాట్ మేజర్, అంటే బి ఫ్లాట్ నుంచి శంకరాభరణం. తర్వాతి నాలుగు జి మైనర్, అంటే జి నుంచి నటభైరవి. శంకరాభరణంలో ధైవతాన్ని సా చేసుకుంటే వచ్చేది నటభైరవే కాబట్టి రెండింటిలోనూ ఉన్నవి అవే ఏడు స్వరాలు. మా వాడికి బయటి స్వరం తగలకపోవడానికి కారణం ఇదే. పాట సగం దారిలో ఇల్లు మారింది, స్కేల్ మారలేదు. స్కేల్‌ని మాత్రమే చూస్తున్నవాడికి ఆ ఇల్లు మారడం కనబడదు. కొత్తగా వచ్చేది ఒక్క ఎఫ్ షార్ప్. రెండో బార్‌లో ఎఫ్ పాటని బి ఫ్లాట్ వైపు పంపితే, ఆరో బార్‌లో ఎఫ్ షార్ప్ జి వైపు నెడుతుంది. ఈ ఒక్క అరస్వరం తేడా వాయిస్తే వినేవాడికి మీరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

పాటలోనే ఉన్న జవాబు

హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ ఇది. దీన్ని నేను కొన్ని వందల సార్లు విన్నాక గానీ ఒక విషయం గమనించలేదు. బాణీలో నిలబడే పొడుగు స్వరాలు మొదటి బార్‌లో ఇ ఫ్లాట్, మూడో బార్‌లో డి, ఐదో బార్‌లో సి, ఏడో బార్‌లో బి ఫ్లాట్. మెట్టు మెట్టుగా దిగుతున్నాయి. అవి నాలుగూ ఆయా కార్డ్‌లకి మూడో స్వరాలు. కార్డ్ మేజరో మైనరో చెప్పేది మూడో స్వరమే కదా. అంటే పాట పాడుతున్న మనిషి, తనకు తెలియకుండానే, హార్మనీ (కార్డ్‌ల నడక) ఎటు పోతోందో చెబుతూ పాడుతున్నాడు.

దాంతో పాటు ఏడో స్వరాలు కూడా రాసి చూసుకోండి. సి మైనర్ సెవెన్‌లో ఇ ఫ్లాట్, బి ఫ్లాట్. ఎఫ్ సెవెన్‌లో ఇ ఫ్లాట్ అలాగే ఉంటుంది, బి ఫ్లాట్ కాస్తా ఎ అవుతుంది. బి ఫ్లాట్ మేజర్‌లో ఎ అలాగే ఉంటుంది, ఇ ఫ్లాట్ దిగి డి అవుతుంది. ఇ ఫ్లాట్ మేజర్‌లో డి ఉండిపోయి ఎ దిగి జి అవుతుంది. ఎ హాఫ్ డిమినిష్డ్‌లో జి ఉండిపోయి డి దిగి సి అవుతుంది. డి సెవెన్‌లో సి ఉండిపోయి జి దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది. నేను జరపకుండా ఉండలేకపోయిన వేలు వేసిన అడుగు ఇదే. ఇద్దరు మనుషులు ఒకరు నిలబడితే ఒకరు కాలు కిందికి దించుతూ మేడమెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. జాజ్ వాళ్లు వీటిని గైడ్ టోన్స్ అంటారు. ఈ రెండు వరసలూ పాడగలిగితే, పియానో లేకపోయినా, బేస్ లేకపోయినా పాట వినబడుతుంది.

ఐదో బార్‌లోని హాఫ్ డిమినిష్డ్ పేరు వింటేనే భయపడేవాణ్ణి. నా పట్టికలో దాని పక్కన ఉన్న స్కేల్‌కి పంచమమే లేదు, మేళకర్తల్లో (మన 72 మూల రాగాల్లో) దానికి చోటే లేదు. ఆ భయం పోగొట్టిన సంగతి ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ ఆత్మకథలో దొరికింది. పియానో కళాకారుడు థెలోనియస్ మంక్ తనకి ఆ కార్డ్‌ని మైనర్ సిక్స్త్‌గా, ఆరో స్వరం బేస్‌లో పెట్టి చూపించాడని ఆయన చెప్పుకున్నాడు. ఆ లెక్కన ఎ హాఫ్ డిమినిష్డ్ అంటే సి మైనర్‌లో బి ఫ్లాట్ బదులు ఎ ఉండటమే. మొదటి బార్ సి మైనర్, ఐదో బార్ కూడా సి మైనరే, ఒక్క స్వరం తేడా. పేరు మార్చి చూస్తే చేతికి తెలిసిన కార్డే.

ఇరవై నుంచి ఇరవై మూడు

“సరే, ఎఫ్ షార్ప్ కోసం కీరవాణి వాయిస్తే సరిపోతుందా?” అని మా వాడు అడుగుతాడని తెలుసు. నేనూ అడిగాను. సరిపోదు. డి సెవెన్ మీద కీరవాణి బాగుంటుంది. అందులో ఇ ఫ్లాట్ కూడా ఉంది, డి కి అరస్వరం పైన ఉండి ఆ కార్డ్‌ని ఇంకా బిగిస్తుంది. కానీ ఏడో బార్‌లో జి మైనర్ చేరాక చాలామంది జాజ్ కళాకారులు ఇ ఫ్లాట్ వదిలి ఇ వాయిస్తారు. ఒకసారి గౌరీమనోహరిలా, ఒకసారి ఖరహరప్రియలా.

మన మేళకర్తల్లో 20 నటభైరవి, 21 కీరవాణి, 22 ఖరహరప్రియ, 23 గౌరీమనోహరి. నాలుగింటిలోనూ సా నుంచి పా దాకా ఒకటే. మారేవి ధైవతం, నిషాదం మాత్రమే. రెండు ధైవతాలు, రెండు నిషాదాలు, అన్ని జతలూ వరసగా ఆ నాలుగు మేళాల్లో ఉన్నాయి. పాశ్చాత్యులు ‘మైనర్’ అని ఒక్క పేరుతో పిలిచేది ఈ నాలుగింటినీ కలిపి. కింది ఐదు స్వరాలు స్థిరంగా ఉంటాయి, పై రెండూ ఎటు వెళ్తున్నాయన్న దాన్ని బట్టి ఎత్తు మార్చుకుంటాయి.

మనవాళ్లకి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. ‘విరిబోణి’ వర్ణం నేర్చుకున్న ప్రతి పిల్లకీ తెలుసు, భైరవిలో ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం (పైది), దిగేటప్పుడు శుద్ధ ధైవతం (కిందిది). మా గురువుగారు దానికి కారణం చెప్పలేదు, అలాగే పాడించారు. పైకి వెళ్లే స్వరం పైకి, కిందికి వెళ్లే స్వరం కిందికి ఒరుగుతుందని గొంతుకి అప్పుడే పట్టుబడింది. భైరవిలో ఆ ఒరుగుదల రాగం నడక నిర్ణయిస్తుంది, ఈ పాటలో కింద మారే కార్డ్ నిర్ణయిస్తుంది. అందుకే బార్‌కో రాగం పేరు గుర్తుపెట్టుకోవద్దంటాను. నిమిషానికి 160 బీట్ల వేగంలో ఒక బార్ ఒకటిన్నర సెకను ఉంటుంది. ఆ ఒకటిన్నర సెకనులో రాగం పేరు తలుచుకునేవాడు ఇక వినేది ఎప్పుడు?

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పాక నా అనుమానాలు కూడా చెప్పాలి.

గైడ్ టోన్స్ పట్టుబడ్డాక ఏడాది పాటు నేను వాయించిన ప్రతి సోలోలో అవి ఉండేవి. ప్రతి బార్ మొదటి బీట్ మీద మూడో స్వరమో ఏడో స్వరమో ఠంచనుగా పడేది. ఒక సాయంత్రం మా ఆవిడ వంటింట్లోంచి, “ఎక్కాలు అప్పజెబుతున్నట్టుంది” అంది. బాధేసింది. రికార్డ్ చేసి విన్నాను, ఆవిడ అన్నది నిజం. మా వాడి సోలోలో పాట ఎక్కడుందో తెలియదు. నా సోలోలో అది తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు మళ్లీ శాక్సఫోన్ కళాకారుడు కానన్‌బాల్ ఆడర్లీ 1958లో చేసిన ఈ పాట రికార్డింగ్ దగ్గరికి వెళ్లాను. ‘సమ్‌థిన్ ఎల్స్’ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్. ట్రంపెట్ మైల్స్ డేవిస్, పియానో హ్యాంక్ జోన్స్, బేస్ శామ్ జోన్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. అది రికార్డ్ చేసింది న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో. మా ఇంటి నుంచి కారులో వెళ్లగలిగేంత దూరం. ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా ఒక మామూలు ఇంట్లో ఇంత సంగీతం పట్టిందా అనుకుంటాను. మైల్స్ బాణీ వాయించేటప్పుడు ఎంత ఖాళీ వదులుతాడో, కానన్‌బాల్ అదే పాట మీద ఎంత ధారాళంగా పరుగెడతాడో పక్కపక్కనే వినొచ్చు. ఇద్దరికీ హార్మనీ అరచేతిలో ఉంది. కానీ మూడో స్వరం బార్ మొదట్లోనే పడాలన్న పట్టింపు ఇద్దరికీ లేదు. ఒకసారి కార్డ్ రాకముందే దాని స్వరం వచ్చేస్తుంది, ఇంకోసారి కార్డ్ వచ్చి కూర్చున్నాక తీరిగ్గా వస్తుంది. తాళానికి ముందో తర్వాతో పాట ఎత్తుకునే అతీత, అనాగత ఎడుపులు నేర్చుకున్న మనం దీన్ని మిగతావాళ్ల కంటే త్వరగా అందుకోవాలి. నేను మాత్రం పియానో ముందు కూర్చోగానే ఆ విద్య అంతా మర్చిపోయాను.

రెండో అనుమానం. గిటార్ కళాకారుడు వెస్ మోంట్‌గోమరీకి నొటేషన్ చదవడం రాదు. ట్రంపెట్ వాయించిన చెట్ బేకర్ ప్రధానంగా చెవి మీదే ఆధారపడి వాయించాడు. మరి ఈ మూడో స్వరాలూ ఏడో స్వరాలూ ఎందుకు? నా జవాబు, వాళ్లకి పేర్లతో పని లేకపోయింది, వినికిడి మాత్రం నిండుగా ఉంది. వెస్ మొదట్లో గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ సోలోలు రికార్డులు విని స్వరం స్వరం నేర్చుకున్నాడు. ఆ సోలోల్లో హార్మనీ అంతా ఉంది. గురుముఖంగా విని కీర్తన నేర్చుకున్నవాడికి స్వరం రాసుకోవడం రాకపోయినా రాగం వచ్చినట్టే. ఈ దారి నిజానికి నేను చెబుతున్న దారి కన్నా మంచిది. రోజుకి ఎనిమిది గంటలు రికార్డుల ముందు కూర్చోగలిగితే అదే చేయమంటాను.

మూడోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. జి, బి ఫ్లాట్, సి, డి, ఎఫ్. ఈ ఐదు స్వరాలతోనే పాటంతా వాయించి గుండె పిండేసేవాళ్లున్నారు. డి సెవెన్ మీద వాళ్లు ఎఫ్ షార్ప్ బదులు ఎఫ్ వాయిస్తే అది బ్లూస్ బాధలా వినిపిస్తుంది, తప్పులా వినిపించదు. అలాంటప్పుడు నా సిద్ధాంతం ఏమైనట్టు? చాలాకాలం ఆలోచించాను. వాళ్ల ఎఫ్ కింద ఎఫ్ షార్ప్ ఉందని వాళ్లకి తెలుసు, ఆ రాపిడి కోసమే అక్కడ ఆగుతున్నారని నాకు అనిపిస్తుంది. మా వాడు అక్కడ ఎఫ్ మీదుగా దాటిపోయాడు, కింద ఏముందో వినలేదు. ఈ తేడా రికార్డింగ్‌లో వినబడుతుందని నేను నమ్ముతాను. అయితే కళ్లు మూసుకుని వింటే ప్రతిసారీ గుర్తుపట్టగలనని ప్రమాణం చేయలేను.

స్కేల్ ప్రశ్న సరైన ప్రశ్న అయ్యే పాటలూ ఉన్నాయి. మైల్స్ 1959లో చేసిన ‘సో వాట్’లో పదహారు బార్లు డి డోరియన్, ఎనిమిది బార్లు అరస్వరం పైన, మళ్లీ ఎనిమిది కిందికి. మన చెవికి అది ఖరహరప్రియ. అక్కడ మనకు తీరికగా మనోధర్మం చూపించే చోటుంది. ఆ పద్ధతిని తెచ్చి ‘ఆటమ్ లీవ్స్’ మీద పెట్టడమే చిక్కు.

వాడికి చెప్పింది

ఆదివారం ఫోన్ చేసి, రెండు వారాలు సోలో వాయించొద్దన్నాను. బ్యాకింగ్ ట్రాక్ కూడా వద్దు. గిటార్ మీద రూట్ ఒక్కటే వాయిస్తూ, మొదట పై వరస పాడు. ఇ ఫ్లాట్, ఇ ఫ్లాట్, డి, డి, సి, సి, బి ఫ్లాట్. అది కుదిరాక కింది వరస పాడు. బి ఫ్లాట్, ఎ, ఎ, జి, జి, ఎఫ్ షార్ప్, జి. గొంతు బాగా లేకపోయినా ఫర్వాలేదు. రెండూ వచ్చాక ఆ స్వరాలని కలుపుతూ నీకు నచ్చిన చిన్న ముక్క ఏదైనా వాయించు. మొదటి బీట్ మీదే పడాలని పట్టుబట్టకు.

పదిహేను రోజులకి వాడే ఫోన్ చేశాడు. కింది వరస పాడి వినిపించాడు. ఎఫ్ షార్ప్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, తర్వాత జి కి వెళ్లాడు. కావాలనే ఆగానన్నాడు. ఆ తర్వాత వాడు అడిగింది చివరి ఎనిమిది బార్ల గురించి. అక్కడ 27, 28 బార్లలో చాలామంది జి మైనర్, జి ఫ్లాట్ సెవెన్, ఎఫ్ మైనర్, ఇ సెవెన్ అని బార్‌కి రెండేసి కార్డ్‌లు వేసి ఇ ఫ్లాట్ చేరతారు. “మావయ్యా, ఇక్కడ కూడా రెండు వరసలూ దిగుతూనే ఉన్నాయి. కానీ ఒకటి అరస్వరం చొప్పున దిగుతోంది, ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్, డి అని. నేను పాడేలోపే అయిపోతున్నాయి” అన్నాడు.

ఆ రెండు బార్ల దగ్గర నేనూ ఇప్పటికీ తడబడతాను. వచ్చే ఆదివారం సగం వేగంలో పెట్టుకుని ఇద్దరం కలిసి అవే పాడదామని అనుకున్నాం.